గోలుకు ముందేమి జరిగినది?

కరీంనగరు బస్టాండు దగ్గరి చాయ్ హోటలులోనైనను, మంచిర్యాల రైల్వేస్టేషను ఎదుటి బెంచీమీదనైనను, భారత హాకీ జట్టు ఓడిన మరునాటి ఉదయము చెవియొగ్గి విన్నవారికి మూడే తీర్పులు వినబడును. “ఆ కీపరే ముంచిండన్నా” అని ఒకడనును. “బ్యాకులు నిద్రవోతే కీపరేం జేస్తడు కాకా” అని ఇంకొకడనును. “గవన్ని గాదు తమ్మీ, అంపైరే అన్యాయం జేసిండు” అని వయసు మళ్లినవాడు తుది మాట చెప్పి గ్లాసు క్రింద బెట్టును. ఈ మూడును మూడు వేరువేరు నేరారోపణలు. ఒక్కొక్కదానికి సాక్ష్యము వేరు, కొలబద్ద వేరు, దిద్దుబాటు వేరు. అయినను వానినన్నిటిని ఒకే కోపములో కలిపివైచి, చిట్టచివర ఎవడు కంటబడెనో వానినే దోషిగా నిలబెట్టుట మనవారికి వాడుకయైపోయినది. ఆ వాడుక వలన ఒక మనిషి బ్రతుకే చెడిన సందర్భము మన హాకీ చరిత్రలో నున్నది. ఒక జట్టు తన లోపములను తాను కనుగొనలేకపోయిన సందర్భములు అంతకన్న నెక్కువగ నున్నవి.

గోలు పడుట ఒక కథకు ముగింపేగాని కథ కాదు. బంతి పలకకు తగిలి చప్పుడైన క్షణమునకు ముందు పది, పదిహేను సెకనుల కథ నడచియుండును. బంతి ఎచట చేజారినది, దానిని పోగొట్టుకొన్నవాడు వెంటనే వెనుకకు పరుగెత్తెనా, గోలు ముందరి డీ గీత అంచున ప్రత్యర్థిని ఎవరు పట్టుకొనవలసియుండెను, కీపరు దృష్టికి ఎవరు అడ్డు వచ్చిరి, ఈల ఊదవలసిన చోట ఊదిరా లేదా అను ప్రశ్నలన్నియు ఆ కొద్ది సెకనులలోనే ఇమిడియుండును. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వంటి సింగరేణి పట్టణములవారికి ఈ విచారణా క్రమమును క్రొత్తగా బోధింపనక్కరలేదు. గనిలో పైకప్పు కూలినపుడు దాని క్రింద నిలిచియున్నవాడెవడని మాత్రమే అడిగి ఊరకుండరు. ఆధారములు ఎప్పుడు నిలిపిరి, కప్పును తట్టి చప్పుడు చూచినదెవరు, చప్పుడులో తేడా యున్నదని చెప్పినను పని సాగనిచ్చినదెవరు అని వెనుకకు వెనుకకు పోవుదురు. హాకీలో ఓటమిని తూచువాడును గడియారమును ఆ విధముగనే వెనుకకు త్రిప్పవలెను.

బర్మింగ్‌హామ్‌లో ఆగిన గడియారము

2022వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీ రాత్రి, మన గడియారములలో అప్పటికే అర్ధరాత్రి దాటిన వేళ, బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో మహిళల హాకీ సెమీఫైనలున భారత జట్టు ఆస్ట్రేలియాను ఎదుర్కొన్నది. ఆ జట్టులో ఇద్దరు గోల్‌కీపర్లుండిరి. ఒకరు కెప్టెన్ సవితా పునియా. రెండవవారు ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా పల్లెనుండి వచ్చి, 2018 జకార్తా ఆసియా క్రీడలలో రజతము గెలిచిన జట్టునందును ఉండిన ఎతిమర్పు రజని. ఆస్ట్రేలియా మొదటి క్వార్టరులోనే గోలు చేసినది. చివరి క్వార్టరులో వందనా కటారియా దానిని సమము చేసినది. ఆట 1–1గా ముగియుటచే నిర్ణయము షూటౌట్‌కు వచ్చినది.

షూటౌట్ అనగా ఏమో తెలియనివారికి రెండు మాటలు చెప్పుట అవసరము. గోలుకు దాదాపు 23 మీటర్ల దూరములోని గీతపై బంతినుంచి, ఆటగత్తె ఒక్కతెయే కీపరు మీదికి వచ్చి, ఎనిమిది సెకనులలో గోలు చేయవలెను. ఒక్కొక్క జట్టుకు ఐదు అవకాశములు. కీపరు ముందుకు దూసుకొనివచ్చి కోణము తగ్గించుటయు, ప్రత్యర్థి కర్ర కదలికను బట్టి ఎటు పడవలెనో ఎంచుకొనుటయు, ఎనిమిది సెకనులు గడచువరకు ఓపికతో కాళ్లపై నిలుచుటయు ఇందలి విద్య. ఆనాడు ఆస్ట్రేలియా పక్షమున మొదట వచ్చిన అంబ్రోసియా మలోన్ ప్రయత్నమును సవిత విఫలము చేసినది. భారత ఆటగత్తెలు సంబరపడుచుండగానే అంపైరు చేయెత్తి, గడియారము మొదలు కాలేదు గనుక మరల ఆడవలెనని చెప్పిరి. రెండవ పర్యాయము మలోన్ గోలు చేసినది. ఆ పిమ్మట ఆస్ట్రేలియావారు ఇంకను రెండు గోలులు చేసిరి. మన పక్షమున లాల్‌రెమ్సియామి, నేహా, నవనీత్ కౌర్ ముగ్గురును విఫలులైరి. షూటౌట్ 3–0గా ముగిసినది.

దేశమంతయు మండిపడినది. అంతర్జాతీయ హాకీ సమాఖ్య క్షమాపణ చెప్పినది. ఆ క్షమాపణలోని సారమును శ్రద్ధగా చూడవలెను: గడియారము సిద్ధము కాకమునుపే షూటౌట్ పొరపాటున మొదలైనదని ఒప్పుకొనుచు, అట్టి సందర్భమున ఆ ప్రయత్నమును మరల ఆడించుటయే నియమమనియు, అదియే జరిగినదనియు, జరిగినదానిని సమీక్షింతుమనియు సమాఖ్య చెప్పినది. అనగా మనకు కంటకమైన ఆ తీర్పు నియమవిరుద్ధము కాదు. తప్పు అంతకుముందే, గడియారము దగ్గర, ఎవరి దృష్టియు లేని చోట జరిగిపోయినది. మైదానము నడుమ నిలిచిన అంపైరు కంటబడెను గనుక నిందయంతయు ఆ నెత్తిన బడినది.

ఇప్పుడు లెక్క చూతము. మలోన్ మొదటి ప్రయత్నము విఫలముగనే లెక్కింపబడియున్నచో, మూడేసి అవకాశములు ముగియునప్పటికి ఆస్ట్రేలియాకు రెండు, మనకు సున్న. ఇంకను రెండేసి అవకాశములు మిగిలియుండెడివి, పోటీ బ్రతికియుండెడిది. ఆ యవకాశమును మననుండి లాగికొన్నది నిర్వాహకుల పొరపాటే. అందు సందేహము లేదు. మొదటి అడ్డుకట్టతో జట్టునకు కలుగవలసిన ఉత్సాహము ఒక్కసారిగా అణగిపోవుట మిగిలినవారి మనసులపై పని చేసియుండుననుటయు సబబైన మాటయే. కాని మూడు ప్రయత్నములలో ఒక్కటియు గోలు కాకపోవుట అంపైరు వ్రాసిన వ్రాత కాదు. ఈ రెండు వాక్యములను ఒకదానితో ఒకటి కొట్టివేయక, రెండింటిని ప్రక్కప్రక్కన నిలుపగలిగినవాడే ఓటమిని న్యాయముగా తూచినవాడు.

కీపరును తూచు విధము

హాకీ గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. దాని ముందు 14.63 మీటర్ల వ్యాసార్ధముతో గీచిన డీ లోపలినుండి కొట్టిన బంతియే గోలగును. గంటకు వంద కిలోమీటర్ల వేగముతో వెడలిన బంతి ఆ దూరమును రమారమి అర సెకనులో దాటివచ్చును. కర్రతో బంతిని ఈడ్చి విసరు పేరుమోసిన డ్రాగ్‌ఫ్లిక్ ఆటగాండ్ర బంతులు అంతకన్న వేగముగ వచ్చును. కంటితో చూచి, మనసుతో నిర్ణయించి, కాలు కదపుటకు ఆ అర సెకను చాలదు. కాబట్టి మంచి కీపరు బంతి కొట్టిన తరువాత పనిచేయువాడు కాడు. కొట్టకముందే తన నిలువుచోటు, శరీరభంగిమ, రెండు పాదములమీది బరువు సరిచూచుకొని, బంతి తనకు తగులక తప్పని చోట నిలిచియుండువాడు. ప్రేక్షకుడు గంతులను, పల్టీలను చూచి చప్పట్లు కొట్టును. శిక్షకుడు కీపరు గంతు వేయవలసిన అగత్యమే ఎందుకు వచ్చెనని చూచును.

కీపరు తప్పు నిజముగా కీపరుదే అగుటకు కొన్ని గుర్తులున్నవి. సూటిగా శరీరముమీదికి వచ్చిన బంతి కాళ్ల సందున పోవుట ఒకటి. సమీపపు కంబము వైపు ఖాళీ విడిచి దూరపు కంబము వైపు ఒరగి నిలుచుట రెండవది. మొదటి కొట్టును ఆపి బంతిని ప్రక్కకు తన్నక, డీ నడుమకే తిరిగి అందించి, ప్రత్యర్థికి రెండవ అవకాశము నిచ్చుట మూడవది. హాకీలో పడు గోలులలో ఇట్టి రీబౌండ్ గోలులు తక్కువ కాదు. తన ముందున్న బ్యాకులను గొంతెత్తి నడిపింపకపోవుట నాలుగవది; మైదానమంతయు ఎదుట కనబడుచుండువాడు కీపరొక్కడే గనుక, మాటలాడని కీపరు సగము కీపరే. ఈ నాలుగింటిలో ఏదియు లేక, డీలోని తప్పునకు శిక్షగా నిచ్చు పెనాల్టీ కార్నరున ఎవడో కర్ర తగిలించి బంతి దిక్కు మార్చగా గోలు పడినచో, దానిని కీపరు ఖాతాలో వ్రాయుట అన్యాయము.

స్కోరు పట్టిక ఈ భేదమును చెప్పదు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్సు సెమీఫైనలున బెల్జియము చేతిలో భారత పురుషుల జట్టు 5–2గా ఓడినది. ఐదు గోలులు పడినవనగానే కీపరు శ్రీజేశ్ విఫలుడైనాడని తోచును. కాని బెల్జియమునకు ఆనాడు 14 పెనాల్టీ కార్నరులు దక్కినవి; మూడు గోలులు ఆ కార్నరులనుండియు, ఒకటి కీపరొక్కడే అడ్డుగా నుండు పెనాల్టీ స్ట్రోకునుండియు వచ్చినవి. ఐదవది పడునప్పటికి, ఎట్లైనను గోలులు చేయవలెనని మనవారు కీపరును బయటికి పిలిచి మరియొక ఆటగానిని దింపియుండుటచే, శ్రీజేశ్ మైదానముననే లేడు. ఆ సెమీఫైనలు తరువాత రెండు దినములకే, ఆగస్టు 5న, జర్మనీతో జరిగిన కాంస్యపు ఆటలో చివరి క్షణములలో వచ్చిన పెనాల్టీ కార్నరును అడ్డి 5–4 విజయమును నిలిపి, 41 సంవత్సరముల పిదప దేశమునకు ఒలింపిక్ హాకీ పతకము దక్కించినవాడును ఆ శ్రీజేశే. రెండు దినములలో అతని విద్య మారలేదు. అతని ముందున్న రక్షణ అతనికప్పగించిన భారము మారినది.

ఈ వివేకము లోపించినచో ఏమగునో ఒకనాటి భారత కీపరు మీర్ రంజన్ నేగీ జీవితము చెప్పును. 1982 డిసెంబరు 1న ఢిల్లీలో ఆసియా క్రీడల ఫైనలున, నాటి ప్రధాని ఇందిరాగాంధీ చూచుచుండగా, మొదట గోలు చేసినది భారతదేశమే. ఆట ముగియునప్పటికి పాకిస్తాను 7, భారతదేశము 1. ప్రత్యర్థి ఫార్వర్డులు పదేపదే రక్షణపంక్తిని చీల్చుకొనివచ్చి కీపరుపై విరుచుకుపడిరి. దేశము మాత్రము ఏడు గోలులను నేగీ ఒక్కని నెత్తిన వ్రాసినది. అంతటితో నూరకుండక, అమ్ముడుపోయెనను అపవాదును కూడ మోపినది. ఆటగానిగా అతని కథ ముగిసినది. 1998లో బాంకాకు ఆసియా క్రీడలలో 32 సంవత్సరముల తరువాత భారతదేశము స్వర్ణము గెలిచినపుడు, 2002లో మాంచెస్టరు కామన్వెల్తు క్రీడలలో మన మహిళలు స్వర్ణము గెలిచినపుడు, కీపర్లకు శిక్షణ నిచ్చినవాడు ఆ నేగీయే. 2007లో వచ్చిన ‘చక్ దే ఇండియా’ చలనచిత్రమునకు అతని యనుభవము ప్రేరణమయ్యెను. ఒక తొందరపాటు తీర్పును సరిదిద్దుటకు కాలమునకు పదునారేండ్లు పట్టినది.

రక్షణలోని పగుళ్లు

కీపరు తప్పు ఎల్లరకు కనబడును; బ్యాకు తప్పు కొందరికి కనబడును; హాఫ్ ఆటగాని తప్పు ఎవరికో గాని కనబడదు. రక్షణలోపములను వెదకువాడు డీ లోపల కాక మైదానపు నడిమి గీత దగ్గర మొదలిడవలెను. ప్రత్యర్థి ఒత్తిడిలో నుండగా అడ్డముగా ఇచ్చిన పాసు నడుమనే చిక్కుట, బంతి పోగొట్టుకొన్న ఫార్వర్డు చేతులు నడుమున బెట్టుకొని నిలిచిపోవుట, ఇద్దరు బ్యాకులు ఒకే ఆటగానిమీదికి దూకి రెండవవానిని వదలివేయుట, ఓపికతో ప్రక్కకు తరుమవలసిన చోట కర్రతో ఒక్క పెట్టున పడి మోసపోవుట. ఇవన్నియు స్కోరు పట్టికకెక్కని తప్పులు. వీనిలో మిక్కిలి ఖరీదైనది డీ లోపల బంతి కాలికి తగులనిచ్చుట. అందుమూలమున ప్రత్యర్థికి పెనాల్టీ కార్నరు దొరకును. అప్పుడు కీపరుతో కలిపి ఐదుగురు మాత్రమే గోలు గీత వెనుకనుండి రక్షింపవలెను, మిగిలినవారు నడిమి గీత ఆవల నిలువవలెను. ఆ ఐదుగురిలో ముందుగా బంతి కొట్టువానిమీదికి ప్రాణమునకు తెగించి పరుగెత్తువానిని మొదటి రషర్ అందురు. ముఖమునకు ముసుగు, మోకాలికి కవచము ధరించి, వంద కిలోమీటర్ల వేగముతో వచ్చు బంతికెదురుగా పరుగెత్తు ఆ పనికి చప్పట్లు దక్కుట అరుదు.

అలసట, ఏమరుపాటు కలిసి వచ్చునది చివరి నిమిషములలో. 2000వ సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్సులో పోలండుతో ఆడిన ఆటలో భారత జట్టు గెలిచినచో సెమీఫైనలు చేరవలసియున్నది. ఆ జట్టులో మన హైదరాబాదువాడు, మూడు ఒలింపిక్సులు ఆడినవాడు, పిమ్మట పద్మశ్రీ గ్రహీతయైన ఎన్. ముకేశ్ కుమార్ కూడ నుండెను. మనవారు 1–0 ఆధిక్యముతో ఆటను తుది వరకు తెచ్చి, ఇంక రెండు నిమిషములైన లేవనగా ఒక గోలు ఇచ్చివైచిరి. 1–1. సెమీఫైనలు చేజారినది, భారతదేశము ఏడవ స్థానముతో తృప్తిపడవలసివచ్చినది, మనకు బదులుగా ముందునకు సాగిన దక్షిణ కొరియా రజతము గెలుచుకొన్నది. తుది నిమిషములలో గోలు నిచ్చు ఈ పాత జాడ్యమునకు మందు మైదానములో కాక శరీరదార్ఢ్యములోను, బంతిని మూలలలో దాచి కాలము గడుపు సామర్థ్యములోను ఉన్నదని మన శిక్షకులు గ్రహించుటకు చాల యేండ్లు పట్టినది.

ఈల ఊదువాని న్యాయము

అంపైరు తప్పును కొలుచుటకు వేరొక త్రాసు కావలెను. మైదానమున ఇద్దరు అంపైర్లుందురు. ఒక్కొక్కరు ఒక్కొక్క సగమునకు ముఖ్యాధికారి. పెద్ద పోటీలలో తెరముందు కూర్చుండు వీడియో అంపైరు మూడవవాడు. మైదానపు తీర్పును అతని పరిశీలనకు పంపుటకు ఒక్కొక్క జట్టుకు ఒక రిఫరల్ ఉండును. జట్టు వాదము నెగ్గినచో అది నిలుచును, ఓడినచో పోవును. పచ్చ కార్డు చూపిన రెండు నిమిషములు, పసుపు కార్డు చూపిన కనీసము ఐదు నిమిషములు ఆటగాడు బయట కూర్చుండవలెను. ఎర్ర కార్డు చూపినచో ఇక ఆ ఆటలోనికి తిరిగి రారాదు, అతనికి బదులు మరియొకడును రారాదు.

కనుక అంపైరింగుపై ఫిర్యాదు చేయువాడు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెను. మొదటిది, అది నియమమును తప్పుగా అన్వయించుటయా, లేక కంటికి సరిగా కనబడక చేసిన పొరపాటా? రెండవది, అదే ఆటలో అట్టిదే రెండవ జట్టు చేసినపుడు తీర్పు ఎట్లు వచ్చినది? పక్షపాతమును నిరూపించునది ఒక తప్పు కాదు, రెండు సమాన సందర్భములకు ఇచ్చిన అసమాన తీర్పులు. మూడవది, చేతిలోని రిఫరల్‌ను మనము దేనికి ఖర్చు పెట్టితిమి? మొదటి క్వార్టరులోనే అల్ప విషయమునకు దానిని పోగొట్టుకొని, చివరి నిమిషమున అన్యాయమని అరచుట మన లోపమును అంపైరు మీద త్రోయుటయే.

2024 పారిస్ ఒలింపిక్సు క్వార్టరుఫైనలు ఈ పరీక్షకు మంచి ఉదాహరణము. ఆగస్టు 4న గ్రేట్ బ్రిటనుతో ఆడుచుండగా రెండవ క్వార్టరు మొదటిలోనే భారత బ్యాకు అమిత్ రోహిదాస్‌కు ఎర్ర కార్డు చూపిరి. ముందుకు పరుగెత్తుచుండగా అతని కర్ర ప్రత్యర్థి ముఖమునకు తగిలినది. అది ఉద్దేశపూర్వకమా కాదా యన్నదే వివాదము. మిగిలిన ఆటయంతయు భారత జట్టు పదిమందితో ఆడి 1–1గా నిలిచి, షూటౌట్‌లో 4–2తో గెలిచినది. గెలిచిన తరువాత కూడ మన దేశపు హాకీ సంస్థయైన హాకీ ఇండియా ఫిర్యాదు చేసినది: వీడియో తీర్పులలో నిలకడ లేదనియు, షూటౌట్ సమయమున ప్రత్యర్థి కీపరుకు గోలు వెనుకనుండి సలహాలందినవనియు, కీపరు టాబ్లెట్ ఉపయోగించెననియు వ్రాసినది. ఓడినపుడు మాత్రమే అంపైరును చూచు మన అలవాటుకు ఇది మెచ్చదగిన భేదము. గెలిచినవాడు చేసిన ఫిర్యాదులో కడుపుమంట లేదు గనుక దానికి బరువెక్కువ.

అయినను శిక్ష రద్దు కాలేదు. రోహిదాస్ మీద ఒక ఆట నిషేధము విధింపబడినది, అప్పీలు నిలువలేదు. ఆగస్టు 6న జర్మనీతో జరిగిన సెమీఫైనలుకు ముఖ్యమైన బ్యాకు, పెనాల్టీ కార్నరులలో మొదటి రషర్ అయినవాడు లేకయే జట్టు దిగి 3–2గా ఓడినది. జర్మనీ గోలులలో ఒకటి పెనాల్టీ కార్నరుది, ఒకటి స్ట్రోకుది, మూడవది ఆట చివరి క్వార్టరులో వచ్చినది. రోహిదాస్ ఉండియున్నచో ఏమయ్యెడిదో ఎవరును చెప్పలేరు. కాని ఆనాడు మనకు దక్కిన పెనాల్టీ కార్నరులు పదికి తక్కువ కావు. వానిలో అధికభాగము వ్యర్థమైపోయినవి. అధికారుల లెక్క ఒక ప్రక్క నుండగా ఈ లెక్కయు మరొక ప్రక్కన వ్రాసికొనవలసినదే.

మన మైదానములలో

ఇంతవరకు చెప్పినది తెరపై చూచు ఆటను గూర్చి. ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పాఠశాలలలో ఆడు హాకీకి వీడియో అంపైరు లేడు, నీరు చల్లిన టర్ఫ్ లేదు. మొరము నేలమీద బంతి ఎగిరెగిరి పడును. సూటిగా వచ్చుచున్నదనుకొన్నది చిన్న రాతికి తగిలి మోకాలెత్తున లేచును. అందుచేత మన కీపరు పిల్లవాడు కాలి కిక్కరును నమ్ముకొనక, శరీరమును బంతికి అడ్డముగా తెచ్చుట నేర్చుకొనును. ఆ పిల్లవాడే హైదరాబాదు పోయి టర్ఫ్‌మీద నిలిచిననాడు బంతి నేలకంటుకొని జారుచు అనుకొన్నదానికన్న ముందే వచ్చి కాళ్ల సందున పోవును. ఇది పిల్లవాని చేతగానితనము కాదు. నేల మారుటవలన వచ్చిన ఆలస్యము. 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో తొలిసారిగా కృత్రిమపు నేలపై హాకీ ఆడించినపుడు అంతవరకు జగజ్జేతలైన భారతీయులు ఏడవ స్థానమునకు జారిన దానికి గల కారణములలోను ఇదే ముఖ్యమైనది.

నిజామాబాదునుండి యెండల సౌందర్య భారత జట్టు వరకు ఎదిగినది. కాబట్టి ఉత్తర తెలంగాణకు ఆ దారి మూసుకొనిపోలేదు. హకీంపేటలోని క్రీడాపాఠశాలకు తోడు కరీంనగరులోను, ఆదిలాబాదులోను ప్రాంతీయ క్రీడాపాఠశాలలున్నవి. అట్టి చోట్ల శిక్షకులు, ఊళ్లలో డ్రిల్లు మాస్టర్లు చేయదగిన పని ఒకటున్నది. దానికి ధనమక్కరలేదు, ఒక నోటుపుస్తకము, పెన్సిలు చాలును. ఆటకు రాని పిల్లవాని నొకనిని గీత ప్రక్కన కూర్చుండబెట్టి, పడిన ప్రతి గోలుకు నాలుగు మాటలు వ్రాయించవలెను: బంతి మనచేతిలోనుండి ఎచట పోయినది, అప్పటినుండి గోలు పడువరకు మనవారెందరు బంతికి, గోలుకు నడుమ నుండిరి, కీపరు ఎచట నిలిచియుండెను, ఈలమీద అనుమానమున్నచో ఏ నియమము విషయమున. నాలుగైదు ఆటల తరువాత ఆ పుటలను తిరుగవేసినచో, ఎవరిని నిందింపవలెనో కాదు, ఏమి నేర్పవలెనో తేలును. కుడి బ్యాకు ముందునకు పోయిన ప్రతిసారియు ఆ వైపునుండియే గోలులు పడుచున్నవని తెలిసినపుడు, సోమవారము సాయంకాలపు అభ్యాసము దానంతటదే ఏర్పడును. పల్లె మైదానమున ఈల ఊదువాడు చాలసార్లు ఏదో ఒక బడి మాస్టరే గనుక, అతని తీర్పుమీద అనుమానమున్నచో ఆట ముగిసిన పిమ్మట కెప్టెన్ ఒక్కడు పోయి “సార్, ఆ కార్నర్ ఎందుకిచ్చిన్రో చెప్తరా” అని మర్యాదగా అడుగుట పిల్లలకు నేర్పవలెను; మంచి అంపైరు కారణము చెప్పును, చెప్పలేనివాడు మరునాడు నియమముల పుస్తకము తెరచును.

బర్మింగ్‌హామ్ జట్టు కథ సెమీఫైనలుతో ముగియలేదు. రెండు దినముల తరువాత, ఆగస్టు 7న, కాంస్యము కొరకు న్యూజీలాండుతో ఆడుచు మనవారు సలీమా టెటె గోలుతో ఆధిక్యములో నిలిచిరి. ఆట ముగియుటకు కొద్ది సెకనులు మాత్రమే మిగిలియుండగా డీ లోపల చేసిన తప్పిదముతో పెనాల్టీ స్ట్రోకు నిచ్చి, స్కోరును 1–1 కానిచ్చిరి. ఈసారి గడియారము సరిగానే నడచినది. అంపైరుననుటకు ఏమియు లేదు. తప్పు పూర్తిగా మనదే. మరల షూటౌట్ వచ్చినది. సవిత గోలు ముందు నిలిచి ప్రత్యర్థులను అడ్డగా, 2–1తో కాంస్యము మన మహిళలకు దక్కినది. 2006 తరువాత కామన్వెల్తు క్రీడలలో వారికి లభించిన మొదటి పతకమది. శుక్రవారమునాడు ఇతరుల పొరపాటును, ఆదివారమునాడు తమ పొరపాటును రెండింటిని తాళి నిలిచిన జట్టది. మొదటిదానికి ఫిర్యాదు వ్రాయించుట హాకీ ఇండియా చూడవలసిన పని. రెండవదానికి, చివరి నిమిషమున డీలో కర్ర ఎట్లు పట్టవలెనో నేర్పుట శిక్షకుని పని. ఎవరి పని వారికి పంచి యిచ్చిన తరువాతనే కరీంనగరులోనైనను, బర్మింగ్‌హామ్‌లోనైనను ఓటమి చర్చ ముగిసినట్లు.